కుకీ ప్రెస్‌తో బాదం వెన్న బిస్కట్లు: ట్రేకు అంటకపోవడం, ఆకారం కరిగిపోవడం, దగ్గుమందు వాసన

ప్రశ్న అడిగినవారు చెప్పిన విషయం క్లుప్తంగా ఇది. మియాపూర్‌లో ఉంటున్నారు, ఈ మే నెలలో కొత్త కుకీ ప్రెస్ (చిల్లుల బిళ్లలోంచి పిండిని ట్రే మీదికి ఒత్తే ట్రిగ్గర్ గొట్టం) కొని బాదం ఎసెన్స్ వేసిన వెన్న బిస్కట్లు మూడుసార్లు ప్రయత్నించారు. మొదటిసారి పిండి ట్రే మీద నిలవకుండా ప్రెస్‌తోపాటే పైకి లేచి వచ్చింది. రెండోసారి పిండిని గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే గొట్టంలో కదలనే లేదు, ట్రిగ్గర్ విరిగినంత పనైంది. మూడోసారి పువ్వులు చక్కగా పడ్డాయి గానీ ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) కరిగి ఒకదానికొకటి కలిసిపోయి పెద్ద రొట్టెలా తయారయ్యాయి. పైగా బాదం వాసనకు బదులు దగ్గుమందు వాసన వచ్చిందట. వాడినవి: ఉప్పు వెన్న 200 గ్రాములు, పంచదార ఒక కప్పు, మైదా రెండు కప్పులు, ఒక గుడ్డు, అర చెంచా బేకింగ్ పౌడర్, ఒక పెద్ద చెంచా బాదం ఎసెన్స్, నాన్‌స్టిక్ ట్రే మీద పరిచిన బటర్ పేపర్. మంచి వాసన కోసం విదేశీ సీసా తెప్పించుకోవాలా, గుడ్డు లేకుండా కుదురుతుందా అని కూడా అడిగారు.

నేను ఇరవై ఏళ్లకు పైగా సికింద్రాబాద్‌లో ఇంటి నుంచే క్రిస్మస్, దీపావళి ఆర్డర్లకు బిస్కట్లు చేస్తున్నాను. ఈ రకాన్ని నాకు నేర్పింది లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఉండే ఒక ఆంగ్లో ఇండియన్ ఆంటీ. మీకు జరిగిన మూడు పొరపాట్లూ నేనూ చేసినవే కనుక కాస్త వివరంగా రాస్తున్నాను. ముందుగా చెప్పవలసిన మాట ఏమిటంటే, మీ ఇబ్బందుల్లో రెండింటికి, అంటే పిండి గొట్టంలో కదలకపోవడానికీ ఆకారం కరిగిపోవడానికీ, మూలం ఒక్కటే, వెన్న వేడి. ఈ బిస్కట్‌కు పిండి గొట్టంలో ఉన్నంతసేపు మెత్తగా ఉండాలి, అది పడే ట్రే చల్లగా ఉండాలి, ఓవెన్‌లోకి వెళ్లే సమయానికి పడిన పువ్వు గట్టిపడి ఉండాలి. అచ్చుతో కోసే బిస్కట్లకు పిండిని ముందు చల్లబరచి తరువాత ఆకారం ఇస్తాము. దీనికి ఆకారం ఇచ్చిన తరువాతే చల్లబరచాలి. మీరు రెండోసారి ఫ్రిజ్‌ను సరైన పనికే వాడారు, కాకపోతే సమయం తప్పింది.

జర్మనీలో ఈ బిస్కట్‌ను స్ప్రిట్స్ అంటారు, చిమ్మడం అనే అర్థమున్న మాట నుంచి వచ్చిన పేరు. స్వీడన్, నార్వే వైపు కూడా క్రిస్మస్ పండుగకు ఇవి తప్పనిసరి. మనకు ఇది కొత్త విద్యేమీ కాదు. జంతికలు ఒత్తినవారెవరికైనా దీని సూత్రం సగం తెలిసినట్టే. జంతికల పిండిలో వేడి నూనె గానీ వెన్న గానీ ఎందుకు కలుపుతాము? గుల్లగా రావడానికి. కొవ్వు పిండి రేణువులకు పూతలా పట్టి అవి ఒకదానితో ఒకటి సాగే బంధం వేసుకోకుండా అడ్డుపడుతుంది. ఇక్కడ మైదా బరువులో ముప్పాతిక వంతు వెన్నే కనుక ఆ అడ్డు ఎంత బలంగా ఉంటుందో ఊహించుకోండి. తేడా ఒక్కటే. జంతిక కాగిన నూనెలో పడిన మరుక్షణమే పైపొర బిగిసి ఆకారం నిలుస్తుంది. బిస్కట్‌కు ఆ వెసులుబాటు లేదు. ఓవెన్ గాలి మెల్లగా వేడెక్కిస్తుంది, ఈలోగా వెన్న కరగడం మొదలవుతుంది, పిండి గట్టిపడే లోపల వెన్న పూర్తిగా కరిగితే పువ్వు రేకులు జారిపోతాయి. ఈ పందెంలో పిండిని గెలిపించడమే మన పని.

వెన్నకు కావలసిన వేడి 18 నుంచి 20 డిగ్రీల సెల్సియస్. విదేశీ వంటకాలలో గది ఉష్ణోగ్రత అని రాసేది దానినే. ఆ మాటను మే నెల హైదరాబాద్‌లో అక్షరాలా పాటిస్తే కొంప మునుగుతుంది, ఎందుకంటే బయట 40 దాటినప్పుడు వంటగదిలో 34, 35 డిగ్రీలు మామూలే, వెన్నలోని కొవ్వు 32 నుంచి 35 డిగ్రీల మధ్య పూర్తిగా కరిగిపోతుంది. ఒకసారి కరిగిన వెన్నను మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టినా దాని పాత మెత్తదనం తిరిగి రాదు. గట్టిపడుతుంది గానీ పంచదారతో కలిపినప్పుడు గాలిని పట్టుకోదు, నూనె వదిలినట్టు జిడ్డుగా ఉంటుంది. అందుకని ఈ కాలంలో వెన్నను ఫ్రిజ్‌లోంచి తీసి అంగుళం ముక్కలుగా కోసి గిన్నెలో పది నిమిషాలు మాత్రమే ఉంచండి. వేలితో నొక్కితే గుంట పడాలి, ఆ గుంట అంచులు చిట్లకూడదు, వేలికి జిడ్డు మెరుపు అంటకూడదు. మెరుపు కనిపించిందంటే ఆలస్యమైనట్టే. థర్మామీటర్ ఉంటే మంచిదే, లేకున్నా ఈ వేలి పరీక్ష నన్ను ఇన్నేళ్లలో మోసం చేయలేదు. వీలైతే ఏసీ ఉన్న గదిలో కూర్చొని కలపండి. నేను మే నెలలో వంటగది వదిలేసి పడకగదిలో చాప పరుచుకొని ఈ పని చేస్తాను, ఇంట్లోవాళ్లు నవ్వుకున్నా సరే. డిసెంబరులో ఈ బాధలేవీ ఉండవు, వెన్న అరగంట బయట ఉన్నా చెడదు.

ఇక ఏ వెన్న అన్నది. ఉప్పు లేని ప్యాకెట్ వెన్న వాడండి. మీరు వాడిన ఉప్పు వెన్నలో మామూలుగా సుమారు 2 శాతం ఉప్పు ఉంటుంది, అంటే 200 గ్రాములలో 4 గ్రాములు, దాదాపు ముప్పావు టీ చెంచా. ఈ బిస్కట్‌కు అందులో మూడో వంతు చాలు. అంత ఉప్పు పడితే ఇరానీ చాయ్ పక్కన పెట్టుకునే ఉస్మానియా బిస్కట్‌కు దగ్గరి చుట్టం తయారవుతుంది, బాగానే ఉంటుంది గానీ మీరు అడిగిన రుచి అది కాదు. ఇంట్లో మజ్జిగ చిలికి తీసిన వెన్న వాడవచ్చా అని చాలామంది అడుగుతారు. ప్యాకెట్ వెన్నలో కనీసం 80 శాతం కొవ్వు, గరిష్ఠంగా 16 శాతం నీరు ఉండాలని నియమం ఉంది. ఇంటి వెన్నలో నీరు ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు. ఆ నీరు మైదాను సాగేలా చేస్తుంది, ఓవెన్‌లో ఆవిరై అంచులను చెదరగొడుతుంది. తప్పదనుకుంటే ఐసు నీటిలో రెండు మూడుసార్లు కడిగి గట్టిగా పిండి వాడండి. నెయ్యి నాన్ ఖటాయికి బంగారం, దీనికి పనికిరాదు. వనస్పతి వాడితే ఆకారం అద్దంలా నిలుస్తుంది, కానీ తిన్న తరువాత అంగిలికి మైనం పూసినట్టుంటుంది. నేను దానిని ఒప్పుకోను.

కొలతలు కప్పులతో కాకుండా తూకంతో తీసుకోండి. ఒక కప్పు మైదా జల్లించి వదులుగా నింపితే 120 గ్రాములు, అదే డబ్బాలో ముంచి అదిమితే 150 గ్రాములు కూడా తూగుతుంది. రెండు కప్పుల దగ్గర 60 గ్రాముల తేడా అంటే ఒకరోజు పిండి జారుడు, మరోరోజు గట్టి రాయి. మన పెద్దవాళ్లు సోలలు, తవ్వలతోనే అద్భుతాలు చేసేవారన్నది నిజమే, కానీ వారికి చేతి అంచనా ఉండేది, పిండి వంటలు ఏడాదంతా చేసేవారు. మూడువందల రూపాయల తూకం యంత్రం కొనుక్కోవడం మనకు సులభం.

నేను వాడే పాళ్లు ఇవి. ఉప్పు లేని వెన్న 200 గ్రాములు, మిక్సీలో మెత్తగా పొడి చేసి జల్లించిన పంచదార 115 గ్రాములు, గుడ్డు ఒకటి, మైదా 265 గ్రాములు, ఉప్పు పావు టీ చెంచా, బాదం ఎసెన్స్ అర టీ చెంచా, వెనిల్లా అర టీ చెంచా. బేకింగ్ పౌడర్ చుక్క కూడా వద్దు. అది పిండిని పొంగిస్తుంది, పొంగితే గీతలన్నీ పూడుకుపోతాయి. మీ మూడోసారి ప్రయత్నాన్ని పాడుచేసినవాటిలో అదీ ఒకటి. మన బజారు పంచదార పలుకులు పెద్దవి, అలాగే వేస్తే వెన్నలో కరగకుండా ఉండి ఓవెన్‌లో ఒక్కసారిగా పాకమై పిండిని పరుచుకునేలా చేస్తాయి, అందుకే పొడి చేయడం. మీరు వేసిన ఒక కప్పు పంచదార దాదాపు 200 గ్రాములు, అది కూడా ఎక్కువే. పై పాళ్లకు మొత్తం 630 గ్రాముల పిండి వస్తుంది, ఒక్కొక్కటి పది గ్రాముల చొప్పున అరవై బిస్కట్ల వరకు అవుతాయి.

వెన్న, పంచదార పొడి, ఉప్పు, రెండు ఎసెన్సులు కలిపి హ్యాండ్ బీటర్‌తో మధ్యస్థ వేగంలో రెండు నిమిషాలు గిలకొట్టండి. కేకుకైతే తెల్లగా నురగలా వచ్చేదాకా కొడతాము, ఇక్కడ అంత వద్దు; గాలి ఎక్కువైనా బిస్కట్ ఉబ్బి గీతలు పోతాయి. రంగు ఒక ఛాయ తగ్గి, గరిటె లాగితే మెత్తని గుర్తు నిలిస్తే చాలు. గుడ్డు ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే వేస్తే వెన్న గడ్డలు కట్టి విరిగినట్టవుతుంది కనుక పావుగంట ముందు తీసి పెట్టుకొని, బాగా కొట్టి, రెండు విడతలుగా కలపండి. ఆ తరువాత బీటర్ పక్కన పెట్టి, మైదాను రెండుసార్లుగా వేసి గరిటెతో పొడి పిండి కనిపించకుండా పోయేవరకే కలపండి. చపాతీ పిండిలా మర్దించవద్దు. సరిగ్గా కుదిరిన పిండి చెవి తమ్మె అంత మెత్తగా ఉంటుంది, చేతికి అంటీ అంటనట్టు ఉంటుంది. మరీ గట్టిగా ఉంటే ఒక టీ చెంచా పాలు వేయండి. జారుగా ఉంటే మైదా వేయాలని చేయి లాగుతుంది, ఆగండి. ఆ జారుడు చాలావరకు వేడి వల్లనే, గిన్నెను ఐసు నీళ్ల పళ్లెంలో ఐదు నిమిషాలు పెట్టి గరిటెతో తిప్పితే అదే సర్దుకుంటుంది.

ఇప్పుడు ట్రే సంగతి. మీ మొదటి ప్రయత్నం పాడైంది పిండి వల్ల కాదు, బటర్ పేపర్ వల్ల. ప్రెస్ పని చేసేది పిండి కింది తలానికి అంటుకుంటేనే; అది కింద పట్టుకొని ఉంటే ప్రెస్ పైకి లేచినప్పుడు తెగి నిలుస్తుంది. బటర్ పేపర్‌కు, నాన్‌స్టిక్ పూతకు ఉన్న గుణమే అంటుకోనివ్వకపోవడం, పైగా పేపర్ తానే లేచి వస్తుంది. కాబట్టి పూత లేని మామూలు అల్యూమినియం ట్రే కావాలి, దాని మీద నూనె, వెన్న, పిండి ఏదీ రాయకూడదు. కాల్చిన తరువాత అంటుకుపోతాయేమోనని భయం అక్కరలేదు, ఇంత వెన్న ఉన్న బిస్కట్ వాటంతటదే వదులుతుంది. మీ ఓటీజీ లోపలి వెడల్పు, లోతు టేపుతో కొలుచుకొని బేగంబజార్ గిన్నెల దుకాణాలకు వెళ్లండి. గాలి తిరగడానికి నాలుగు వైపులా అంగుళం వదిలి సరిపోయే ట్రే దొరుకుతుంది. రెండు తీసుకోండి, ఎందుకో కింద చెబుతాను. నల్లని ట్రేలు వేడిని ఎక్కువగా పీల్చి అడుగు మాడ్చేస్తాయి, చూడటానికి ఎంత బాగున్నా ఈ పనికి వద్దు.

ఒత్తడానికి ముందు ట్రేను పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, తీశాక పొడి గుడ్డతో తుడవండి. మన గాలిలో తేమ చల్లని లోహం మీద చెమటలా పడుతుంది, వానాకాలంలో మరీ. ఆ తడి ఉంటే పిండి జారుతుంది. పిండిని గొట్టం కంటే కాస్త సన్నగా కట్టలా చుట్టి దింపితే మధ్యలో గాలి బుడగలు చేరవు. ప్రెస్‌ను నిటారుగా, బిళ్ల ట్రేకు ఆనేలా పట్టుకోండి, గాలిలో ఎత్తి పట్టుకోవద్దు. ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కండి, టక్కుమన్న తరువాత ఒకటి, రెండు అని లెక్కపెట్టేంత సేపు ఆగండి, బిళ్ల అంచు చుట్టూ పిండి తొంగిచూడగానే నిటారుగా పైకి లేపండి. పక్కకు తిప్పితే రేకు చిరుగుతుంది. గొట్టం నింపిన ప్రతిసారీ మొదటి రెండు మూడు అరకొరగా పడతాయి, అవి గీరి మళ్లీ గిన్నెలో వేసుకోండి, నాకు ఇప్పటికీ అలాగే పడతాయి. సన్నని చిల్లుల బిళ్లల జోలికి మొదట్లో పోవద్దు. ఐదు రేకుల పువ్వు, క్రిస్మస్ చెట్టు ఆకారాలు తేలిక, ఒంటె, కుక్కపిల్ల లాంటివి తోకలు తెగి ఏడిపిస్తాయి. బిస్కట్లు ఎక్కువగా పరుచుకోవు కనుక మధ్యలో అంగుళం ఎడం చాలు. పిస్తా పలుకో చెర్రీ ముక్కో పెట్టాలనుకుంటే ఇప్పుడే, పిండి మెత్తగా ఉండగానే అదమండి.

ఒత్తిన ట్రేను అలాగే ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో, లేదా చోటుంటే ఫ్రీజర్‌లో ఎనిమిది నిమిషాలు ఉంచండి. మీ మూడో ప్రయత్నంలో లోపించిన మెట్టు ఇదే. ఈలోగా ఓటీజీని పైన, కింద రెండు రాడ్లూ వేసి 175 డిగ్రీల దగ్గర కనీసం పావుగంట వేడి చేయండి. సరిగా కాగని ఓవెన్‌లో పెడితే వెన్నకు కరగడానికి తీరిక దొరుకుతుంది. విదేశీ పద్ధతులలో 190 డిగ్రీలు, ఏడెనిమిది నిమిషాలు అని చూస్తారు. వారి ఓవెన్లు పెద్దవి, మన చిన్న ఓటీజీలలో రాడ్లు బిస్కట్‌కు చాలా దగ్గరగా ఉంటాయి, అంత వేడిలో అంచులు నల్లబడి మధ్య పచ్చిగా ఉండిపోతుంది. మధ్య అరలో పెట్టి పది నుంచి పన్నెండు నిమిషాలు కాల్చండి, ఫ్యాన్ ఉంటే వేడి పదిహేను డిగ్రీలు తగ్గించండి. గుండీ మీద ఉన్న అంకెను పూర్తిగా నమ్మవద్దు. మా పాత ఓటీజీలో 175 అంటే నిజానికి 195, లోపల వేలాడదీసే చిన్న థర్మామీటర్ కొన్న రోజున గాని నాకు ఆ సంగతి తెలియలేదు. బిస్కట్ పైభాగం పాలిపోయినట్టే ఉండాలి, అడుగు అంచు మాత్రం లేత గోధుమ రంగు తిరగాలి. పైన కూడా ఎర్రబడేదాకా ఉంచితే వెన్న రుచి పోయి చేదు దిగుతుంది, బాదం వాసన కూడా ఎగిరిపోతుంది. తీశాక ట్రే మీదే మూడు నిమిషాలు ఉంచి, తరువాత పల్చని అట్లకాడతో జాలీ మీదికి మార్చండి. వేడి ట్రే మీద రెండో విడత ఒత్తవద్దు, పిండి తాకగానే కరుగుతుంది. రెండు ట్రేలు కొనమన్నది ఇందుకే.

బాదం వాసన గురించి చాలామందికి ఒక అపోహ ఉంది, అది తొలగితే మీ దగ్గుమందు సమస్య సగం తీరుతుంది. మనం నానబెట్టి తినే తీపి బాదంలో ఆ ఘాటైన వాసన దాదాపు ఉండదు. ఎంత బాదం రుబ్బి పోసినా సీసాలోని పరిమళం రాదు. ఆ వాసన బెంజాల్డిహైడ్ అనే పదార్థానిది. చేదు బాదంలో, ఆప్రికాట్, పీచ్ గింజలలో అమిగ్డలిన్ అనేది ఉంటుంది. గింజ నలిగి తడి తగిలినప్పుడు అది విడిపోయి బెంజాల్డిహైడ్‌తోపాటు హైడ్రోజన్ సయనైడ్ అనే విషాన్ని కూడా వదులుతుంది. ఆ విషాన్ని తీసివేసిన తరువాతే నూనెను ఎసెన్స్‌కు వాడతారు. సహజమైన బాదం ఎక్స్‌ట్రాక్ట్ అని ఖరీదుగా అమ్మే చాలా సీసాలలో ఉన్నది నిజానికి ఆప్రికాట్ గింజల నూనె.

ఈ గింజ మన ఊరికి పరాయిది కాదు. పెళ్లి విందుల్లో తినే ఖూబానీ కా మీఠా మీద అలంకారంగా వేసే తెల్లని పలుకులు చాలాచోట్ల బాదం కావు, ఎండు ఖూబానీ (ఆప్రికాట్) లోపలి రాయిని పగలగొట్టి తీసిన గింజలే. రెండు పలుకులు నలిపి వాసన చూడండి, ఎసెన్స్ సీసా మూత తీసినట్టే ఉంటుంది. చాలాఏళ్ల కిందట నేను దీన్ని కనిపెట్టిన సంబరంలో, బేగంబజార్ నుంచి తెచ్చిన అరకిలో ఖూబానీ రాళ్లన్నీ రోకలితో పగలగొట్టి గింజలు రుబ్బి పిండిలో కలిపాను. కొన్ని తీపి గింజలు, కొన్ని చేదువి, బయటికి అన్నీ ఒకేలా ఉంటాయి. మొదటి బిస్కట్ కొరకగానే నాలుక మీద వేపాకు నమిలినంత చేదు, పిండి మొత్తం పారేశాను. పారేయడమే మంచిదైంది. మీఠా మీద నాలుగు పలుకులు వేసుకోవడం వేరు, గుప్పెడు రుబ్బి వాసన కోసం వాడటం వేరు; రెండోది ప్రమాదకరం, ముఖ్యంగా పిల్లలు తినేవాటిలో ఎన్నడూ చేయవద్దు.

విదేశీ సీసా అవసరమా అంటే నా ఉద్దేశంలో లేదు. మన దుకాణాలలో దొరికే బాదం ఎసెన్స్ చాలావరకు కృత్రిమమే, కానీ అందులో ప్రధానంగా ఉండే పదార్థం అదే బెంజాల్డిహైడ్. కాల్చిన బిస్కట్‌లో ఈ రెండింటి తేడా కనిపెట్టగలవారు తక్కువ. మీకు దగ్గుమందు వాసన రావడానికి కారణం మోతాదు. చెర్రీ రుచి మందులలో వాడే వాసన కూడా ఇదే పదార్థం కనుక ఎక్కువ పడగానే ముక్కుకు మందు సీసానే గుర్తుకొస్తుంది. మీరు వేసినది పెద్ద చెంచా, అంటే 15 మిల్లీలీటర్లు; కావలసినది రెండున్నర. ఒక్కో కంపెనీ ఘాటు ఒక్కో తీరుగా ఉంటుంది కనుక కొత్త సీసా తెచ్చినప్పుడు ఒక చెంచా పంచదారలో ఒకే ఒక్క చుక్క వేసి కలిపి ఐదు నిమిషాల తరువాత వాసన చూడండి. హాయిగా ఉంటే అర టీ చెంచా పాళ్లకు వెళ్లండి, ముక్కు పుటాలను పొడిచినట్టుంటే పావుతో ఆపండి. ఎసెన్స్‌ను వెన్నలోనే కలపమన్నదానికీ కారణముంది, ఈ పదార్థం కొవ్వులో బాగా కరుగుతుంది, అందువల్ల పిండి అంతటా సమంగా పరుచుకుంటుంది. వెనిల్లా తోడైతే మందు గుణం ఇంకా అణగుతుంది. తెరిచిన సీసాను ఏళ్ల తరబడి ఉంచవద్దు. గాలి తగిలితే బెంజాల్డిహైడ్ మెల్లగా బెంజోయిక్ ఆమ్లంగా మారి వాసన చచ్చిపోతుంది, పాత సీసా మూత చుట్టూ తెల్లని పలుకులు కట్టడం అందుకే.

అసలు బాదం కూడా నోటికి తగలాలనుకుంటే మైదాలో 30 గ్రాములు తగ్గించి, తొక్క తీసి పూర్తిగా ఆరబెట్టిన బాదం పొడి 30 గ్రాములు కలపండి. మిక్సీని ఆపి ఆపి తిప్పాలి, లేదంటే నూనె వదిలి ముద్దవుతుంది. సన్నని జల్లెడ పట్టకపోతే ఒక్క పలుకు చాలు బిళ్ల చిల్లు మూసుకుపోవడానికి. అంతకంటే ఎక్కువ బాదం కావాలంటే ఈ బిస్కట్‌ను వదిలి మన పాతబస్తీ బాదం మిఠాయి బాదం కీ జాలీ వైపు వెళ్లడం న్యాయం, దాని అందం దానిది. బాదం పడనివారికి మాత్రం ఎసెన్స్ వేసినవి కూడా అడగకుండా పెట్టవద్దు.

గుడ్డు లేకుండా తప్పక కుదురుతుంది, నా ఆర్డర్లలో సగం అవే. ఒక గుడ్డులో దాదాపు 35 మిల్లీలీటర్లు నీరే కనుక దాని బదులు అంతే కొలత పాలు, ఫ్రిజ్ చల్లదనం పోయినవి, మూడు విడతలుగా కలపండి. మైదాలో 15 గ్రాములు తీసి కార్న్‌ఫ్లోర్ వేయండి. గుడ్డు ఇచ్చే పట్టు ఉండదు, అందువల్ల బిస్కట్ మరింత గుల్లగా, తేలికగా విరిగేలా వస్తుంది, గీతలు కొంచెం మొద్దుబారతాయి. వీటిని ఫ్రిజ్‌లో మరో పది నిమిషాలు ఎక్కువ ఉంచండి. పెరుగు, కండెన్స్‌డ్ మిల్క్ లాంటివి వేసి చూశాను, ఒకటి మెత్తబరుస్తుంది, మరొకటి రంగు తొందరగా తిప్పుతుంది, పాలే మేలు.

ప్రెస్ మళ్లీ మొరాయిస్తే ఇంట్లో జంతికల గొట్టం ఉంటుంది కదా, దానికి నక్షత్రం బిళ్ల బిగించి చూడండి. టక్కుమనే ట్రిగ్గర్ ఉండదు కనుక పువ్వులు రావు, కానీ రెండంగుళాల కడ్డీలు ఒత్తి కత్తితో కోయవచ్చు, లేదా చిన్న వలయంగా తిప్పి కొసలు కలపవచ్చు. మర తిప్పే ఇత్తడి గొట్టమైతే చేతికి శ్రమ తక్కువ. లాలాగూడ ఆంటీ దగ్గర విదేశీ ప్రెస్ ఉన్నా, వలయాలకు మాత్రం ఆమె వాడింది మన గొట్టమే. కారం వాసన పోయేలా ముందు వేడినీళ్లలో సబ్బుతో రెండుసార్లు కడగడం మరిచిపోవద్దు, మా ఇంట్లో ఒక విడత వాము వాసనతో వచ్చింది.

పూర్తిగా చల్లారిన తరువాతే గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టండి, గోరువెచ్చగా ఉండగా మూస్తే లోపల చెమర్చి మెత్తబడతాయి. ఎండాకాలంలో రెండు వారాలు, వానాకాలంలో పది రోజులు బాగుంటాయి. మెత్తబడితే 150 డిగ్రీలలో నాలుగు నిమిషాలు వెచ్చబెట్టి చల్లార్చండి. ఒత్తిన పచ్చి బిస్కట్లను ట్రే మీదే గట్టిపడనిచ్చి డబ్బాలోకి మార్చి ఫ్రీజర్‌లో నెల రోజుల వరకు ఉంచవచ్చు, కాల్చేటప్పుడు కరగనివ్వకుండా నేరుగా ఓవెన్‌లో పెట్టి ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ ఇవ్వండి. ఈసారి మొత్తం పిండి ఒకేసారి ఒత్తకుండా, ముందు మూడంటే మూడు బిస్కట్లు ఒత్తి, చల్లబరచి, కాల్చి చూడండి. రేకులు నిలిస్తే మిగతావి కానివ్వండి. ఇంకా పరుచుకుంటుంటే మిగిలిన పిండిలో రెండు చెంచాల మైదా కలిపి మరో మూడు ఒత్తి చూడండి. అప్పటికీ తేడా కనిపిస్తే మీ ఓటీజీ ఏ కంపెనీది, ఎన్ని లీటర్లది, ట్రే ఏ లోహానిది అన్న వివరాలతో మళ్లీ రాయండి, చూసి చెబుతాను.